పండుగ రాత్రి మీ కుక్క ఎక్కడ ఉంటుంది?



దీపావళి మరుసటి రోజు ఉదయం డ్యూటీ మారేటప్పుడు నైట్ సిస్టర్ చదివే రిపోర్టులో ప్రతి ఏడాదీ రెండు రకాల కేసులు వింటూ వచ్చాను. మొదటిది కాలిన గాయాలు. రెండవది కుక్క కాటు. కాలిన గాయాల సంగతి అందరికీ తెలుసు, పిల్లలను జాగ్రత్తగా చూసుకోమని బడిలోనూ చెబుతారు, సంఘములోనూ చెబుతారు. కానీ టపాకాయలకు, కుక్క కాటుకు సంబంధం ఏమిటని మాత్రం ఎవరూ అడగరు. "ఎన్నడూ కరవని కుక్క సిస్టరమ్మా, ఆ రోజే ఏమైందో" అంటారు. ఏమైందో నేను మా ఇంట్లోనే నేర్చుకున్నాను. అందుచేత ఈసారి అదే వ్రాస్తున్నాను.

మా క్వార్టర్స్‌లో టైగర్ అని ఒక నాటు కుక్క ఉంది. పేరుకే టైగర్, పిల్లి వచ్చినా నా కొంగు చాటుకు వస్తుంది. నాలుగేళ్ళ క్రితం దీపావళి సాయంత్రం ఇంటికి చుట్టాలు వస్తారని, వాళ్ళ కాళ్ళకు అడ్డం పడుతుందని, దాన్ని వాకిట్లో వేపచెట్టుకు గొలుసుతో కట్టి నేను వార్డుకు వెళ్ళిపోయాను. చీకటి పడ్డాక పిల్లలు దానికి పది గజాల దూరంలో ఒక సరం పేల్చారు. కుక్క పరుగెత్తాలని చూసింది, గొలుసు చెట్టుకు చుట్టుకుపోయింది. పక్క క్వార్టర్స్‌లో ఎనిమిదేళ్ళ బాబు ఒకడు ఉండేవాడు, రోజూ బడి నుండి రాగానే దానికి బిస్కెట్ వేస్తాడు. వాడికి జాలి కలిగి గొలుసు విప్పబోయాడు. టైగర్ వాడి చేతిని రెండు చోట్ల కరిచి, కొక్కెం ఊడగానే గేటు దాటి పారిపోయింది.

తప్పు కుక్కది కాదు, బాబుది అంతకంటే కాదు. గొలుసు కట్టింది నేను. అంతేకాదు, దానికి ఏటా వేయించవలసిన రేబీస్ టీకా ఆ సంవత్సరం నాలుగు నెలలు దాటిపోయింది. పేషంట్ల కార్డులు చూసి ఫలానా తేదీకి రాలేదేమని గద్దించే నేను, మా కుక్క కార్డు చూసుకోలేదు. కుక్క దొరకలేదు గనుక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో కిందికి వెళ్ళాక చెబుతాను.

మనకు ఒక చప్పుడు, దానికి వేరొక చప్పుడు

మన చెవికి సెకనుకు 20,000 కంపనాల వరకే వినిపిస్తుంది. కుక్కకు దాదాపు 45,000 వరకు, పిల్లికి 64,000 వరకు వినిపిస్తుంది. మన చెవికి అందని సన్నని కూతలు కూడా వాటికి అందుతాయి. మనం మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. టపాకాయ పేలిన చోటికి నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటకూడదని మన దేశంలో 1999లో నియమం పెట్టారు. నియమానికి లోబడిన టపాకాయే అంత చప్పుడు చేస్తుందన్నమాట.

అయితే చప్పుడు పెద్దది కావడం ఒక్కటే కారణం కాదు. మనకు ఈ రోజు దీపావళి అని తెలుసు. వత్తి అంటించినది మనమే గనుక చెవులు మూసుకుంటాము. కుక్కకు క్యాలెండరు లేదు. ఏ దిక్కు నుండి వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో తెలియని దెబ్బలాగా అది వింటుంది. గుండె వేగం పెరుగుతుంది, వణుకుతుంది, చొంగ కారుస్తుంది, అన్నం ముట్టదు, మూల వెతుక్కుంటుంది. పారిపోవడానికి దారి ఉంటే పారిపోతుంది. కట్టేసి ఉంటే, లేదా మంచం కింద దాక్కున్నప్పుడు ఎవరైనా చెయ్యి పెట్టి లాగితే, కరుస్తుంది. అది ఆ క్షణంలో చెయ్యి ఎవరిదో చూడదు. క్యాజువాలిటీకి వచ్చిన చాలా మంది పిల్లల గాయాలు చేతులమీద, ముఖంమీద ఉండడానికి కారణం ఇదే. వాళ్ళు ఓదార్చడానికి దగ్గరికి వెళ్ళిన పిల్లలు.

కనుక పండుగ రాత్రి కుక్కను కాపాడడం, పిల్లవాణ్ణి కాపాడడం రెండు వేర్వేరు పనులు కావు.

ఆ సాయంత్రం చేయవలసినవి

సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వులో దీపావళికి రాత్రి 8 నుండి 10 గంటల వరకే టపాకాయలు కాల్చాలని చెప్పింది. మన వీధుల్లో ఆ గడియారం ఎంత మంది చూస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా జోరు ఆ వేళలోనే ఎక్కువగా ఉంటుంది గనుక, ముందే సిద్ధపడవచ్చు.

పొద్దు గుంకకముందే కుక్కను బయట తిప్పి తీసుకురండి, మల మూత్రాలు అప్పుడే కానివ్వాలి. అన్నం కూడా వెలుతురు ఉండగానే పెట్టండి. తరువాత ఇంట్లో వీధికి దూరంగా ఉన్న గదిలో, అంటే వంటింటి పక్కన గానీ సామాన్లు పెట్టే గదిలో గానీ ఉంచి, కిటికీ మూసి, నీళ్ళ గిన్నె పెట్టండి. ఫ్యాను వేసి, టీవీ గానీ రేడియో గానీ మామూలు శబ్దంలో పెడితే బయటి చప్పుడు కొంత కలిసిపోతుంది. ఒక పాత దుప్పటి, లేదా మీరు విడిచిన చీర వేస్తే, మీ వాసనకు అది నెమ్మదిస్తుంది. మంచం కింద దూరిందా, దూరనివ్వండి. అది ఎన్నుకున్న చోటు అదే. లాగవద్దు, కొట్టవద్దు, "ఏం భయం, చూడు" అని బయటికి తీసుకుపోయి అలవాటు చేయాలని చూడవద్దు. దగ్గరికి వస్తే నిమరండి. నిమిరితే భయం ఇంకా ఎక్కువ అలవాటవుతుందని కొందరు చెబుతారు, అది నిజం కాదు.

గొలుసుతో మాత్రం కట్టవద్దు. ఇల్లు ఒకటే గది అయి వేరే దారి లేకపోతే, ఇంటి లోపలే, మెడ బిగుసుకోని పట్టీతో, మనిషి దగ్గరుండి కట్టండి. మెడ పట్టీ మీద మీ ఫోన్ నంబరు చెరగని ఇంకుతో వ్రాసి ఉంచండి. ఇది పది రూపాయల ఖర్చు కూడా కాదు, పారిపోయిన కుక్క తిరిగి రావడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మనుషులకు ఇచ్చిన నిద్రమాత్రలు మిగిలితే కుక్కకు సగం వేస్తున్న వారిని చూశాను. అలా చేయవద్దు. మనుషుల మందు మోతాదు వేరు, వాటి ఒళ్ళు వేరు. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. బాగా భయపడే కుక్క అయితే పండుగకు వారం ముందే పశువుల డాక్టరుగారికి చూపించండి, దానికి తగిన మందు ఆయన వ్రాస్తారు.

పిల్లి సంగతి కొంచెం సులువు. అది ముందే ఎక్కడో దాక్కుంటుంది. తలుపు వేసి లోపల ఉంచితే చాలు. గడప దగ్గర, నేల మీద పెట్టిన ప్రమిదలే దానికి ప్రమాదం. తోక తగిలితే నూనె ఒలికి నిప్పు చాపకు అంటుకుంటుంది. దీపాలను గోడ గూటిలోనో, ఎత్తైన అరుగు మీదనో పెట్టండి.

కుక్క తోకకు సీమ టపాకాయ కట్టే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. పెద్దవాళ్ళు నవ్వి ఊరుకుంటారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం అది నేరం. ఆ కుక్క తరువాత ఎవరిని కరుస్తుందో ఎవరూ చెప్పలేరు.

కొట్టంలోవి, వామి పక్కనవి

మన అనంతపురం సీమలో దీపావళి వచ్చేది వేరుశనగ పీకే రోజుల్లో. వాన సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్లే పడే నేల ఇది. పంట చేతికి రాని ఏట కూడా, కనీసం కట్టె అయినా మిగిలిందని పశువుల కోసం వామి వేసుకుంటారు. వచ్చే వేసవి వరకు ఎద్దులకు, ఆవులకు, గొర్రెలకు అదే ఆధారం. సరిగ్గా ఆ వామి మీద రాకెట్ వచ్చి పడుతుంది. ఎండిన కట్టె అంటుకుంటే బిందెలతో ఆర్పలేము. వామితో పాటు ఇంటి పాడి, ఆ పాడి మీద వచ్చే పిల్లల ఫీజు కూడా పోతాయి. మేత లేక ఉన్న జతను సగం ధరకు సంతలో అమ్ముకొని, ఆ దిగులుతో మా ఓపీకి బీపీ పెరిగి వచ్చిన రైతులను నేను చూశాను.

రాకెట్లు, పైకి లేచే రకాలు వామి ఉన్న వైపు కాల్చనే వద్దు. ఊరి బయట ఖాళీ బయలులో కాల్చుకోండి. వామి పక్కన రెండు డ్రమ్ముల నీళ్ళు, ఒక ఇసుక కుప్ప ఆ రాత్రికి ఉంచండి. బోరు ఉంటే పైపు తగిలించి పెట్టండి. కరెంటు పోవచ్చు గనుక బోరునే నమ్ముకోవద్దు, డ్రమ్ములు ఉండాలి.

ఎద్దులను, ఆవులను వీధిలో రాటకు కట్టకుండా కొట్టంలోకి తోలండి. బెదిరిన పశువు తలుగు తెంచుకొని చీకట్లో పరుగెడితే గట్టు లేని పాత బావిలో పడుతుంది. మన పల్లెల్లో నీళ్ళు లేని బావులు ఎన్ని నోళ్ళు తెరుచుకొని ఉన్నాయో చెప్పనవసరం లేదు. గొర్రెల మంద బెదిరితే అన్నీ ఒక మూలకే దూకుతాయి, కింద పడిన పిల్లలు తొక్కిడికి చనిపోతాయి. ఆ రాత్రి మనిషి ఒకరు మంద దగ్గర ఉండి, పిల్లలను వేరే దడిలో ఉంచితే మంచిది. కోళ్ళు కూడా అంతే, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయి. ఇంటి కోళ్ళు నాలుగైదు ఉంటే వేర్వేరు గంపల కింద మూయండి.

పొద్దున్నే చీపురు పట్టండి

రాత్రి కాల్చిన కాకరపువ్వొత్తుల తీగలను బకెట్ నీళ్ళలో వేయమని పిల్లలకు చెబుతాము. అది మంచి అలవాటే. కానీ ఆ బకెట్‌ను తెల్లవారాక అక్కడే వదిలేస్తాము. పొద్దున ఆవు వచ్చి ఆ నీళ్ళు తాగుతుంది. టపాకాయల్లోని రసాయనాలు ఆ నీళ్ళలో కలిసి ఉంటాయి. రాత్రే ఆ నీళ్ళను జంతువులు రాని చోట పారబోసి, తీగలు ఏరి పడేయండి.

వీధంతా పడి ఉన్న కాగితం, పేలని మందు, ప్లాస్టిక్ మూతలు కూడా ఎండ రాకముందే ఊడ్చి ఎత్తాలి. కుక్కలు నాకుతాయి, మేకలు, ఆవులు నములుతాయి. వాంతులు, నురగ, వణుకు, నడక తూలడం కనిపిస్తే ఇంటి వైద్యం చేయకుండా పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి. కదలలేని పశువుకు 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశు వైద్య వాహనం వస్తుంది. మన రాష్ట్రంలో ఆ సేవ 2022లో మొదలయ్యింది.

కాలిన గాయమైతే మనిషికి ఏమి చేస్తామో దానికీ అదే. చల్లని మామూలు నీళ్ళు నెమ్మదిగా పోయండి. ఇంకు, టూత్‌పేస్ట్, పసుపు వద్దు. బాధలో ఉన్న జంతువు మూతి దగ్గర మీ ముఖం పెట్టకండి, అది ఎంత మచ్చికైనదైనా సరే.

క్రిస్మస్ తాతను చూసి మొరిగే కుక్క

మేము దీపావళి చేయము కదా సిస్టర్, మాకెందుకు అని సంఘపు అక్కలు అనుకోవచ్చు. వీధిలో పేలేది మీ కుక్కకూ వినిపిస్తుంది. పైగా డిసెంబరు మనదే. కొత్త సంవత్సరపు ఆరాధన ముగియగానే గుడి ఆవరణలో పేల్చే సరం తక్కువదేమీ కాదు. పైన చెప్పిన ఉత్తర్వులోనే క్రిస్మస్, నూతన సంవత్సరాలకు రాత్రి 11.55 నుండి 12.30 వరకే సమయం ఇచ్చారు.

ఇంకొకటి క్యారల్ రౌండ్స్. అర్ధరాత్రి ఇరవై మంది డప్పు, గిటారు పట్టుకొని గేటు తోసుకొని వస్తారు. ముందు నడిచేది ఎర్ర అంగీ, దూది గడ్డం, ముఖానికి మాస్కు పెట్టుకున్న క్రిస్మస్ తాత. మనుషులకు అది పండుగ. కుక్కకు మాత్రం ముఖం లేని మనిషి ఇంట్లోకి వస్తున్నాడు. ఒకసారి ఆ వేషంలో ఉన్న అబ్బాయి పిక్క పట్టుకున్నది వాళ్ళ సొంత కుక్కే. అతని గొంతు విన్నాక తోక ఊపిందట, కానీ ఐదు ఇంజెక్షన్లు తప్పలేదు. క్యారల్స్ వచ్చే రోజు ముందే తెలుస్తుంది గనుక కుక్కను వెనుక గదిలో పెట్టి తలుపు వేయండి. యువకులు కూడా గేటు బయట నిలిచి, ఒక కేక వేసి, ఇంటివాళ్ళు వచ్చాక లోపలికి వెళ్ళండి.

మా అక్క కూతురు డల్లాస్‌లో ఉంటుంది. అక్కడ అక్టోబరు 31న హాలోవీన్ అని ఒక పండుగ చేస్తారు. పిల్లలు దయ్యాల వేషాలు, మాస్కులు వేసుకొని చీకటి పడ్డాక ఇంటింటికీ వెళ్ళి మిఠాయిలు అడుగుతారు. 2024లో మన దీపావళి కూడా సరిగ్గా అదే తేదీన వచ్చింది. ఆ రోజు ఫోన్‌లో నేను టపాకాయల గురించి, అది తలుపు గంట గురించి చెప్పుకున్నాము. ఐదు నిమిషాలకొకసారి తలుపు తీయాలి, బయట ఎవరో తెలియని వేషాలు, కుక్క సందు చూసుకొని రోడ్డు మీదికి పరుగెడుతుందట. అందుకని అక్కడి పశువైద్యులు చెప్పేది కూడా ఇదే: వెనుక గది, మూసిన తలుపు, మెడ పట్టీ మీద నంబరు. చాక్లెట్లు అందని ఎత్తులో పెట్టమంటారు.

చాక్లెట్ మాట ఇక్కడ కూడా పనికి వస్తుంది. అందులోని థియోబ్రోమిన్ అనే పదార్థాన్ని కుక్క శరీరం త్వరగా బయటికి పంపలేదు. వాంతులు, గుండె దడ, ఫిట్స్ వస్తాయి. నల్లని చాక్లెట్ అయితే మరీ ప్రమాదం. మన క్రిస్మస్ కేకులో వేసే ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను చెడగొడుతుంది. బిరియానిలోని ఉల్లిపాయ, వెల్లుల్లి దాని రక్తానికి మంచివి కావు. ఉడికిన కోడి ఎముక చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. పండుగ పూట దానికి కూడా రుచి చూపించాలనే ప్రేమ నాకు అర్థమవుతుంది. ఉప్పు, కారం, ఉల్లి లేని ఉడికిన మాంసం రెండు ముక్కలు, ఎముక తీసి పెట్టండి, అది సంతోషిస్తుంది.

అయినా కరిస్తే

ఇప్పుడు టైగర్ దగ్గరికి తిరిగి వస్తాను. నేను పరుగున వచ్చేసరికి బాబు వాళ్ళ అవ్వ గాయానికి కారం, సున్నం కలిపి అద్దబోతూ ఉంది. ఆమె చేయి పట్టుకొని ఆపి, కొళాయి కింద బాబు చెయ్యి పెట్టి, బట్టల సబ్బుతో కడిగాము. గడియారం చూసుకొని 15 నిమిషాలు. బాబు ఏడ్చాడు, అవ్వ నన్ను తిట్టింది. ఆ పదిహేను నిమిషాలు ఎందుకు ముఖ్యమంటే, రేబీస్ క్రిమి కుక్క లాలాజలంతో గాయంలోకి వచ్చి, అక్కడి నరం పట్టుకొని మెదడు వైపు నడుస్తుంది. నరంలోకి ఎక్కకముందే చాలా వరకు కడిగి పోగొట్టగలము. దానికి పారే నీళ్ళు, సబ్బు చాలు. మన ఊళ్ళలో నీళ్ళకు కరువని ఒక చెంబుతో సరిపెట్టేవారు ఉన్నారు. ఆ రోజు స్నానం మానండి గానీ, గాయానికి నీళ్ళు తగ్గించవద్దు. కారం, సున్నం, పసరు, కాఫీ పొడి ఇవన్నీ గాయాన్ని ఇంకా రేపి క్రిమిని లోపలికి తోస్తాయి. కట్టు బిగించవద్దు. కుట్లు వేయాలా వద్దా అన్నది డాక్టరుగారు నిర్ణయిస్తారు.

తరువాత అదే రాత్రి ఆసుపత్రికి. తెల్లవారాక చూద్దాములే అనవద్దు. కండరంలో వేసే పద్ధతి అయితే టీకా ఐదు సార్లు: మొదటి రోజును సున్నాగా లెక్కించి 0, 3, 7, 14, 28 రోజులలో. చర్మంలో వేసే పద్ధతి అయితే 0, 3, 7, 28 రోజులలో, ప్రతిసారీ రెండు చేతులకు. ఏ పద్ధతిలో మొదలుపెట్టారో ఆ కార్డు పోగొట్టుకోవద్దు. రక్తం వచ్చేలా కరిచినా, పుండు మీద, నోటి లోపల, కంటిలో నాకినా, టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందును గాయం చుట్టూ, గాయంలోకి ఎక్కిస్తారు. టీకా పనిచేసి మన శరీరం స్వయంగా రక్షణ తయారు చేసుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ లోపల కాపలా కాసేది ఈ మందు. నొప్పిగా ఉంటుంది, కానీ వద్దనకండి.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని భయపడి రాని వారు ఇంకా ఉన్నారు. నేను నర్సింగ్ చదివే రోజుల్లో ఆ సూదులు చూశాను. గొర్రె మెదడు నుండి తయారు చేసే పాత టీకా అది, 1911 నుండి మన దేశంలో వాడారు. 2005 నాటికి దాన్ని పూర్తిగా ఆపివేశారు. ఇప్పుడు భుజానికి, చిన్న పిల్లలకు తొడకు వేస్తారు. గర్భిణీ స్త్రీలు, పాలిచ్చే తల్లులు కూడా వేయించుకోవచ్చు. కోడికూర, శనక్కాయలు, మామిడిపండు మానమని ఊళ్ళో చెప్పే పథ్యం ఏదీ లేదు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ టీకా ఉచితం.

ఆ చదువుకునే రోజుల్లోనే ఒక యువకుణ్ణి చూశాను. కుక్క కరిచి రెండు నెలలు దాటింది, చిన్న గీత కదా అని ఎవరికీ చెప్పలేదు. గొంతు ఎండిపోతోంది, నీళ్ళు అడుగుతాడు, గ్లాసు చూపితే గొంతు పట్టేస్తుంది, ఫ్యాను గాలి తగిలినా వణుకుతాడు. మనుషులను గుర్తుపడుతూనే ఉన్నాడు. మూడవ రోజు చనిపోయాడు. లక్షణాలు మొదలయ్యాక ఈ వ్యాధికి చికిత్స లేదని చెప్పవచ్చు. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది రేబీస్‌తో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, వారిలో వందకు నలభై మంది 15 సంవత్సరాల లోపు పిల్లలు. అందుకే గీత చిన్నదైనా పిల్లలు దాచకుండా చెప్పేలా ఉండాలి. కుక్క దగ్గరికి ఎందుకు పోయావని ముందే కొడితే, వాళ్ళు చెప్పరు.

ఇక నాకు నిద్ర పట్టని కారణం. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూడాలి. కరిచే సమయానికి దాని లాలాజలంలో రేబీస్ క్రిమి ఉంటే, ఆ పది రోజుల లోపల అది జబ్బుపడి చనిపోతుంది. పది రోజుల తరువాత కూడా ఆరోగ్యంగా తిరుగుతుంటే, ఆ కాటు వల్ల రేబీస్ రాదని ధైర్యం. టీకా మాత్రం ఆ పది రోజులు ఆగకుండా వెంటనే మొదలుపెట్టాలి. మిగిలిన డోసుల సంగతి డాక్టరుగారు చెబుతారు. ఈ లెక్క కుక్కలకు, పిల్లులకు మాత్రమే పనికి వస్తుంది. కోతికి, నక్కకు కాదు. అయితే పారిపోయిన కుక్కను ఎలా కనిపెడతాము? టపాకాయలకు బెదిరి పారిపోయే కుక్క, కరిచి పారిపోతే, ఆ కుటుంబానికి ఉండే ఆ ఒక్క ధైర్యం కూడా తీసుకుపోతుంది.

టైగర్ ఆరవ రోజు ఉదయం రైలు పట్టాల వైపు నుండి కుంటుతూ వచ్చింది. ముందు కాలి అరికాలు కాలి ఉంది. పశువుల డాక్టరుగారు కట్టు కట్టి, దాన్ని వేరుగా ఉంచి చూడమన్నారు. పదవ రోజు వరకు నేను రోజూ పొద్దున, సాయంత్రం అది తిన్నది, తాగింది, మొరిగినది పేషంట్ చార్టులాగా వ్రాసి పెట్టాను. పదకొండవ రోజు బాబు వాళ్ళ అమ్మకు ఆ కాగితం ఇచ్చాను. బాబుకు ఇంజెక్షన్లు డాక్టరుగారు పూర్తిగానే వేశారు. వాడు ఆఖరి డోసు రోజు వచ్చినప్పుడు గేటు బయట నిలబడి, "ఆంటీ, టైగర్‌కు కూడా వేశారా?" అని అడిగాడు. వేయించాను. ఇప్పుడు దాని కార్డు మా వంటింట్లో క్యాలెండరు పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది, తేదీ ఎర్ర పెన్నుతో వ్రాసి ఉంది. దీపావళి సాయంత్రం అది మా మంచం కింద ఉంటుంది, గొలుసు మాత్రం పాత సామాన్ల వాడికి ఇచ్చేశాను.